రిలీవర్ రాని డ్యూటీ

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు "సూబేదార్ గారూ, కాశ్మీర్ అనుభవాలు చెప్పండి, కుర్రాళ్లు ఉత్సాహంగా వింటారు" అన్నారు. ఆ కబుర్లు నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పదలచుకున్నాను. నేను ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి 1989లో భర్తీ అయినవాణ్ణి. ఉపన్యాసాలు చెప్పడం నాకు చేతకాదు. తప్పులుంటే మన్నించండి.

సంతరీ డ్యూటీ అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. రెండు గంటలు నిలబడతాం, ఆ తర్వాత రిలీవర్ వస్తాడు. వాన పడనీ, మంచు పడనీ, రిలీవర్ రావాల్సిందే. రాకపోతే గార్డ్ కమాండర్‌ను అడుగుతారు. రెండు గంటలు దాటితే మనిషి కన్ను మోసం చేస్తుందని, చెట్టు మనిషిలా, మనిషి చెట్టులా కనిపిస్తాడని మనకు రంగరూటు రోజుల్లోనే నేర్పారు. ముప్పై ఏళ్లు ఆ డ్యూటీ చేశాను, కొన్నేళ్లు చేయించాను కూడా. అలాంటి నేను మా ఇంట్లో ఒక మనిషిని ఐదేళ్లు రిలీవర్ లేకుండా నిలబెట్టాను. ఆ మనిషి మా ఆవిడ.

మాది గిద్దలూరు దగ్గర పల్లె, నల్లమల కింద. వానను నమ్ముకున్న సేద్యం, కాబట్టి మా వైపు ఫౌజుకు వెళ్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. మా నాయన 2009లో పోయారు. అమ్మ ఒక్కతే ఇల్లూ గేదెలూ చూసుకుంటూ ఉండేది. గట్టి మనిషి. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని నాకన్నా వేగంగా నడిచేది.

2013లో నేను దేవలాలిలో ఉన్నాను. ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది, పిల్లలు అక్కడే బడికి వెళ్తున్నారు. ఊరి నుంచి మా అక్క ఫోన్ చేసి "అమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందిరా, అమ్మేసిన గేదెకు మేత వేయడానికి కొట్టంలోకి పోతోంది" అంది. వయసు కదా, చాదస్తం అనుకున్నాం. నాలుగు నెలల తర్వాత అమ్మ సంతకు వెళ్లి ఇంటికి దారి తెలియక చీకటి పడేదాకా బస్టాండులో కూర్చుంది. అప్పుడు మా ఆవిణ్ణీ పిల్లల్నీ ఊరికి పంపించేశాను. ఆమెను ఒక మాట అడిగానా అంటే, అడగలేదు. మూవ్‌మెంట్ ఆర్డర్ ఇచ్చినట్టు ఇచ్చాను. క్వార్టర్ అప్పజెప్పి నేను బ్యారక్‌లోకి మారాను. ఆ తర్వాత యూనిట్ పైకి వెళ్లింది.

జబ్బు పేరు తెలియడానికి రెండేళ్లు పట్టింది. బలానికి టానిక్కులు, నిద్రకు మాత్రలు, తావీదులు, అన్నీ అయ్యాక 2015లో ఒక పెద్ద డాక్టరు చూసి ఇది డిమెన్షియా అన్నారు. తెలుగులో మతిమరుపు జబ్బు అంటున్నాం గానీ ఆ మాట చాలదు. మతిమరుపంటే కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం. ఇది కళ్లజోడు ఎందుకో మరిచిపోవడం. మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువట. మా అమ్మ రెండు లెక్కల్లోనూ ఉంది.

ఈ జబ్బులో ఒక లక్షణం ఉంది, ముందుగా ఎవరూ మనకు చెప్పరు. దగ్గరుండి చూసేవాళ్ల మీదే అనుమానం పుడుతుంది. మా అమ్మ తన గాజులు తానే బియ్యం డబ్బాలో దాచి, కోడలు దొంగిలించిందని వీధి వీధంతా చెప్పింది. ఊళ్లో సగం మంది నమ్మారు. దూరం నుంచి పండ్లు తెచ్చి పావుగంట కూర్చుని వెళ్లే మా తమ్ముడేమో బంగారం లాంటి కొడుకు. ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, ముద్దలు చేసి పెట్టే మనిషి దొంగ. నేను ఫోన్ చేస్తే ఆవిడ ఇవేమీ చెప్పేది కాదు. "అత్తమ్మ బాగానే ఉంది, మీరు జాగ్రత్త" అనేది. కాశ్మీరులో మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, మీకు తెలుసు. దొరికిన ఫోను దొరికినప్పుడు చేసి, బాగానే ఉందన్న మాట విని హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ మాట నాకూ కావాలి కాబట్టి అంతకు మించి తవ్వలేదు.

2017 సంక్రాంతికి సెలవు మీద వచ్చాను. బస్సు దిగి ఇంటికి రాకముందే వీధి మొగలో మా అక్క ఎదురొచ్చింది. "ఒరే అబ్బాయ్, నీ పెళ్లాం అమ్మను రాత్రిళ్లు మంచానికి కట్టేస్తోందిరా. నా కళ్లతో చూశాను. గొడ్డును కట్టేసినట్టు" అని ఏడ్చింది. నా రక్తం ఉడికిపోయింది. పెట్టె వాకిట్లో పడేసి, అక్క ముందు, పక్కింటివాళ్ల ముందు, నా పిల్లల ముందు మా ఆవిణ్ణి అనరాని మాటలన్నాను. అవి ఇక్కడ చెప్పను. ఆమె బదులు చెప్పలేదు. అమ్మకు అన్నం పెట్టే వేళయిందని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి చూశాను. అమ్మ మంచం పక్కన కింద చాప వేసుకుని, పాత చీర చించిన పేలిక ఒకటి తీసి ఒక కొస తన మణికట్టుకు, ఇంకో కొస అమ్మ చేతికి వదులుగా ముడి వేసుకుంది. అంతే. అమ్మ అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోదాం పద" అని తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. మా ఇల్లంటే ఆమె పుట్టిల్లు, అరవై ఏళ్ల కింద వదిలిన ఇల్లు. ఒకసారి బావి గట్టు దాకా వెళ్లిందట. పగలంతా చాకిరీ చేసిన మనిషికి రాత్రి మొద్దునిద్ర వస్తుంది కదా, అమ్మ లేస్తే తనకు మెలకువ రావాలని ఆ పేలిక.

నేను రాష్ట్రీయ రైఫిల్స్‌లో రెండున్నరేళ్లు చేశాను. రాత్రి మాటు వేసి కూర్చున్నప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి సన్నటి తాడు ఉంటుంది. ఒకసారి లాగితే ఒక అర్థం, రెండుసార్లు లాగితే ఒక అర్థం. ఆ తాడు కట్టుకుని ఎన్నో రాత్రులు కూర్చున్నవాణ్ణి. అదే తాడు మా ఇంట్లో కనిపిస్తే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక క్షమాపణ చెప్పానా? చెప్పలేదు. మగవాడి పౌరుషం, పైగా మూడు నక్షత్రాలు కాకపోయినా రెండున్నాయి భుజం మీద. పొద్దున టీ కలిపి ఇచ్చాను. దానికే ఆమె ఆశ్చర్యపోయింది.

ఇక్కడితో ఆగితే ఇది మంచి భార్య కథ అవుతుంది, మీరు చప్పట్లు కొడతారు. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతది.

2018 శ్రావణంలో నంద్యాలలో మా బావమరిది కూతురి పెళ్లి. ఐదేళ్లలో మా ఆవిడ పుట్టింట్లో రెండు రాత్రులకు మించి ఉండలేదు. నేను సెలవు పెట్టి వచ్చి "పది రోజులు ఉండిరా, నేను చూసుకుంటాను" అన్నాను. గొప్పగానే అన్నాను. నూట ఇరవై మంది జవాన్లను చూసుకున్నవాణ్ణి, కన్నతల్లిని చూసుకోలేనా అనుకున్నాను.

మొదటి రెండు రోజులు పర్వాలేదు. మూడో రాత్రి అమ్మ నాలుగుసార్లు లేచింది. నాలుగో రోజు మార్చిన పక్క గంటలో పాడైంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగదు, ఉమ్మదు. అడిగిన మాటే అడుగుతుంది. "మీ నాయన వచ్చాడా?" "రాలేదమ్మా." ఐదు నిమిషాలకు మళ్లీ "మీ నాయన వచ్చాడా?" చనిపోయాడని చెబితే ఆ క్షణమే విన్నట్టు గుండెలు బాదుకుంటుంది. కాబట్టి రాలేదనే చెప్పాలి, రోజుకు వందసార్లు. ఐదో రాత్రి రెండు గంటలకు తలుపు గడియ తీయబోతుంటే పట్టుకున్నాను. నన్ను దొంగ అనుకుని గోళ్లతో రక్కింది. అప్పుడు ఏమైందో నాకు పూర్తిగా గుర్తులేదు. గట్టిగా అరిచాను. చేయి పట్టి విసురుగా లాగి మంచం మీద కూలేశాను. ఆమె చిన్నపిల్లలా ముడుచుకుని, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. ఆ చేతులు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

పొద్దున లేచేసరికి ఆమెకు ఏదీ గుర్తులేదు. మణికట్టు దగ్గర నల్లగా కమిలింది. దాన్ని చూసుకుని "ఈ చేతికేమైంది నాయనా?" అని నన్నే అడిగింది. "తలుపు తగిలిందమ్మా" అన్నాను.

ఐదేళ్లు చేసిన మనిషి చేయనిది నేను ఐదు రాత్రుల్లో చేశాను. మా ఆవిడ తిరిగొచ్చాక ఆ చేయి చూసింది. ఏమైందని అడగలేదు. కొబ్బరి నూనె రాస్తూ నా వైపు తిరిగి "ఎన్ని రాత్రులైంది మీరు నిద్రపోయి?" అంది. అప్పుడు నేను ఏడ్చాను. నాయన పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

తర్వాత ఇద్దరం ఒక సైనికాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలిశాం. రోగి కోసం కాదు, మా కోసం. ఆయన మా ఆవిడను ఒక కాగితం చూసి ప్రశ్నలు అడిగారు. మొత్తం 22. జారిట్ అనే అమెరికా ప్రొఫెసరు 1980లలో తయారు చేసిందట, రోగుల్ని చూసుకునేవాళ్ల బరువు కొలవడానికి. మీకంటూ సమయం మిగులుతోందా, ఆమె దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా, ఈ పని ఇంకెవరికైనా అప్పగించి పోవాలనిపిస్తుందా, ఇలాంటివి. కోపం ప్రశ్న దగ్గర మా ఆవిడ నా వంక చూసి "లేదండీ" అంది. డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి "సాబ్, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు. నలభై నిమిషాలు బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల ఏం చెప్పిందో నేను ఇప్పటిదాకా అడగలేదు. బయటికొచ్చినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, నడక తేలిగ్గా ఉంది.

ఆ డాక్టరు గారు నాతో అన్నది ఇది: కోపం వస్తే ప్రేమ లేదని అర్థం కాదు, నిద్ర లేదని అర్థం. మందు ఆమెకు కాదు, డ్యూటీ రోస్టర్‌కు కావాలి.

రోస్టర్! ముప్పై ఏళ్లు గార్డు రోస్టర్లు రాసిన నాకు ఆ మాట ఒక డాక్టరు చెప్పాల్సి వచ్చింది.

మన ఊళ్లలో వంతులు అనే పద్ధతి ఉంది. తల్లి ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో. గంప నెత్తిన పెట్టుకుని ముసలావిడ ఇల్లిల్లూ తిరగడం మీరందరూ చూసే ఉంటారు. ఈ జబ్బున్నవాళ్లకు అది పనికిరాదు. చోటు మారితే ఉన్న కాస్త గుర్తూ పోతుంది, గోడ ఎటో తలుపు ఎటో తెలియక భయపడతారు. అందుకని మేం వంతులు తిరగేశాం. అమ్మ కదలదు, మనుషులు కదలాలి. క్యాలెండరు వెనక గీతలు గీసి రాశాను. సంతకాలు కూడా పెట్టించాలనుకున్నాను, మా ఆవిడ నవ్వింది.

ఇది సాఫీగా ఏమీ జరగలేదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు "నెలకు అయిదు వేలు పంపుతున్నాను గదన్నా" అన్నాడు. "డబ్బు రాత్రి రెండింటికి లేచి గడియ వేయదురా" అన్నాను. ఆరు నెలలు మాటల్లేవు. మా అక్క "నేను పరాయి ఇంటికిచ్చిన దాన్ని" అంది, ఆ పరాయి ఇల్లు రెండు వీధుల అవతల. చివరికి వారానికి రెండు రాత్రులు ఒప్పుకుంది. రెండో రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఫోన్ చేసింది. "నోటికొచ్చినట్టు అన్నానురా ఆ పిల్లను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మాట మా ఆవిడ ముఖం మీద మాత్రం ఇంతవరకు అనలేదు. అయితే ప్రతి వారం వచ్చింది, అది చాలు. తమ్ముడు మూడు నెలలకో వారం వస్తానని, రెండుసార్లు ఎగ్గొట్టాడు. కోర్టు మార్షల్ చేయలేం కదా.

2019లో రిటైరయ్యాను. సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని ఒకటి వచ్చింది, పోలేదు. దాన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు సిగ్గుగా ఉంటుంది, పాత బాకీ తీర్చుకోవడం అది. వారంలో మూడు రాత్రులు నావి. అప్పటికి మా ఆవిడకు బీపీ వచ్చింది, నడుము పట్టేసింది. రోగిని చూసుకునేవాళ్లు రెండో రోగి అవుతారు, మొదటి రోగి మీద ఉన్న కళ్లు రెండో రోగి మీద పడవు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు రెండు మూడు మాటలు. ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. దానిలో మన మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ చోటుంది, వాళ్ల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దాని మీద డీఏ దాటకూడదు. కానీ సర్వీసు రికార్డులో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. మా అమ్మ పేరు ఒకచోట అమ్మ అని, ఒకచోట అమ్మి అని ఉండి నాకు ఎనిమిది నెలలు పట్టింది. యూనిట్‌లో ఉండగానే క్లర్కు దగ్గర కూర్చుని సరిచేయించుకోండి. మాకు మందులకు ఇబ్బంది రాలేదు. రాత్రి మేలుకునే మనిషిని మాత్రం ఏ కార్డూ తెచ్చివ్వదు.

పెద్దలకు సంబంధించి ఏ ఇబ్బందికైనా 14567, మనసు బరువైతే 14416. రెండూ ఉచిత నంబర్లే. ఈ రెండోది 2022 అక్టోబరులో వచ్చింది. మా అమ్మ అదే సంవత్సరం ఫిబ్రవరిలో పోయింది, మాకు అందలేదు. తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టం ఉంది, వదిలేసిన కొడుక్కి మూడు నెలల జైలో, అయిదు వేల జరిమానానో, రెండూనో పడవచ్చు. వదిలేసినవాణ్ణి శిక్షించడానికి చట్టం ఉంది. వదలకుండా చూసుకుంటూ కుంగిపోయే కోడలికి ఏ చట్టమూ లేదు, ఆమె మొగుడే దిక్కు.

మీకు ఏడాదికి 60 రోజుల సెలవు ఉంది. వచ్చిన మొదటి వారమే అమ్మను మీరు తీసుకుని, ఆవిణ్ణి పుట్టింటికి పంపండి. స్నేహితులు, పెళ్లిళ్లు, క్యాంటీన్ సీసాలు ఆ తర్వాత చూసుకుందురు. ఫోన్ చేసినప్పుడు "అమ్మ ఎలా ఉంది" అని మొదలుపెట్టకండి. "నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నావు" అని అడగండి. బాగానే ఉందంటే నమ్మకండి, ఇంకోసారి అడగండి. పోస్టుల్లో "సబ్ ఠీక్ హై" అన్న రిపోర్టు ఎంతవరకు నిజమో మనకు తెలియదా?

అమ్మ పోయిన రాత్రి డ్యూటీ నాదే. తెల్లవారుజామున నాలుగింటికి, నిద్రలోనే. మా ఆవిడ ఏడవలేదు. కోడలు కన్నీటి చుక్క రాల్చలేదని ఊళ్లో ఆడవాళ్లు గుసగుసలు పోయారు. పెద్దకర్మ అయిన రాత్రి నాతో అంది, "ఊపిరి ఆగిందని తెలియగానే నాకు ముందు హమ్మయ్య అనిపించిందండీ. నేను పాపిష్టిదాన్నేమో." నాకూ అలాగే అనిపించిందని చెప్పాను. అబద్ధం కాదు, నిజంగానే అనిపించింది. అప్పుడు ఏడ్చింది, తెల్లవారేదాకా. నేను పడుకోమని చెప్పలేదు.

ఇప్పటికీ రాత్రి రెండు గంటలకు ఆమెకు మెలకువ వస్తుంది. లేచి కూర్చుని మణికట్టు తడుముకుంటుంది. నాకూ మెలకువ వస్తుంది. కొన్నిసార్లు టీ పెట్టుకుంటాం, ఆ వేళలో టీ తాగే ముసలివాళ్లు మా వీధిలో మేమిద్దరమే.

ఆమె ఈ సభలోనే ఉంది, మూడో వరుసలో, ఎడమ చివర. రైల్లో వస్తూ "ఆ చేయి సంగతి మాత్రం చెప్పకండి, పదిమందిలో మీ పరువు పోతుంది" అని మరీ మరీ చెప్పింది. చెప్పేశాను. ఇక బసకు వెళ్లాక ఏమంటుందో చూడాలి.

జై హింద్.